కర్ణభూషణం: ఒక శ్రోత అభిప్రాయాలు

పుస్తకం హస్తభూషణమని పెద్దలన్నారు. ఆ మాట పుట్టిననాటికి పుస్తకం చేతిలోనే ఉండేది. నేడది చెవిలోకి కూడా చేరి కర్ణభూషణమయింది. ప్రయాణాలలో, వంటింటిలో, నిద్రకు ముందు పడకమీద నవలలకు నవలలు వినేవారు మన విద్యార్థులలోనే ఎందరో ఉన్నారు. గత నాలుగేళ్ళుగా నేనూ ఆ కోవలో చేరినవాడినే. కళాశాలకు బస్సులో రానూ పోనూ పట్టే మూడు గంటల కాలాన్ని ఈ శ్రవణ గ్రంథాలకే ధారపోస్తున్నాను. తెలుగు బోధించేవాడికి ఇంగ్లీషు నవలలతో పనేమిటని ఒక సహాధ్యాపక మిత్రుడు పరిహాసమాడాడు. వినగా వినగా నాలో ఏర్పడిన అభిప్రాయాలు తెలుగు కథకూ, రెండు భాషల ఇల్లు అయిన మన కళాశాలకూ దగ్గరగా వచ్చి నిలిచాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను విన్నవాటిలో రెండు తెగల నవలలు ఎక్కువ. మొదటిది చారిత్రక సాహస నవల. కత్తులు, గుర్రాలు, ఓడలు, కోటలు దాని సామగ్రి. రెండవది ఇంగ్లీషువారు డిస్టోపియా అని పిలిచే తెగ. రామరాజ్యపు కలను తలకిందులు చేసి, మనిషిని మరబొమ్మగా మార్చే ప్రభుత్వం వస్తే బ్రతుకెలా ఉంటుందో ఊహించి హెచ్చరించే నవల అది. ఒకటి గడచిన కాలానిది, మరొకటి రాబోయే కాలానిది. ఒకటి రక్తాన్ని ఉరకలెత్తిస్తుంది, మరొకటి చల్లబరుస్తుంది. ఈ రెంటినీ ఒకదాని వెంట ఒకటి వినడంవల్ల, విడివిడిగా చదివితే తట్టని సంగతి ఒకటి నాకు తట్టింది. దాని దగ్గరకు కొంచెం చుట్టుదారిలో వస్తాను.

మాట్లాడే పుస్తకం చూపులేని వారికోసం పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్ళు పోగొట్టుకున్న సైనికులు బ్రిటనులో ఎందరో ఉండేవారు. వయసు వచ్చిన తరువాత వేలికొసలతో బ్రెయిలీ నేర్చుకోవడం అందరికీ సాధ్యం కాదు. అటువంటివారి కోసం 1935లో గ్రామఫోను రికార్డులమీద అక్కడ తొలి పుస్తకాలు వెలువడ్డాయి. వాటిలో ఒకటి అగాథా క్రిస్టీ రాసిన అపరాధ పరిశోధక నవల, మరొకటి జోసెఫ్ కాన్రాడ్ రాసిన 'టైఫూన్'. పెనుతుఫానులో చిక్కిన ఓడ కథ అది. అంటే సాహస కథ ఈ ప్రక్రియకు తొలిచూలు బిడ్డలలో ఒకటన్నమాట.

మా ఇంట్లోకి కూడా ఈ అలవాటు కళ్ళ మూలంగానే వచ్చింది. మధుమేహంవల్ల అమ్మీకి చూపు మందగించింది. ఉర్దూ అక్షరాల చుక్కలు చెదిరిపోయి బే, పే, తే అన్నీ ఒకటిగా కనబడసాగాయి. చిన్ననాటినుంచి ఆమెకు ప్రాణమైన అబ్దుల్ హలీమ్ షరర్ నవలలను ఫోనులో వెతికి వినిపించాను. పది నిమిషాలు విని, "ఈయన ఎవరో వార్తలు చదువుతున్నాడు బేటా, కథ చెప్పడం లేదు" అని తీర్పు చెప్పింది. మరొక గొంతు తెచ్చాను. "ఈయన ఏడుస్తున్నాడు. ఏడవవలసింది నేను కదా" అన్నది. మూడవ గొంతు కుదిరింది. చదువరి గొంతును గురించి ఇంతకంటే సూక్ష్మమైన విమర్శ నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు. మరీ చప్పగా చదివితే కథ చచ్చిపోతుంది. మరీ నటిస్తే వినేవాడికి చేయవలసిన పని మిగలదు. వెనుక వాయిద్యాలు మోగించే పుస్తకాల సంగతి చెప్పనే అక్కరలేదు. కత్తి దూసినప్పుడల్లా తాళం వేస్తే ఆ కత్తి పదును నాటకాల కంపెనీ అట్టకత్తి పదునే అవుతుంది.

సాహస నవల చెవికి ఎందుకంత చక్కగా అమరుతుందో ఆలోచించాను. స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలండ్' నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం' ద్వారా తెలుగువారికి పరిచితమే. పుస్తకరూపంలో 1883లో వచ్చిన ఆ నవలలో భయమంతా చెవిగుండానే ప్రవేశిస్తుంది. గుడ్డి బిచ్చగాడు పూ రాకను ముందుగా తెలిపేది గడ్డకట్టిన దారిమీద అతని కర్ర చప్పుడు. ఓడలో జిమ్ అనే కుర్రవాడు ఆపిలు పండ్ల పీపాలో కూర్చుని ఉండగా, బయట దొంగల కుట్ర మాటలు వినబడతాయి. అతడు చూడలేడు, కదలలేడు, వినగలడు అంతే. ఆ అధ్యాయాన్ని నేను చీకటిపడిన తరువాత కిక్కిరిసిన బస్సులో, మోకాళ్ళమీద సంచీ పెట్టుకుని, ఎటూ కదలడానికి వీలులేకుండా విన్నాను. పీపాలో ఉన్నది జిమ్ కాదు, నేనే అనిపించింది. అచ్చులో రెండుసార్లు చదివినప్పుడు ఆ అనుభవం కలగలేదు.

డ్యూమా రాసిన 'త్రీ మస్కెటీర్స్' మరొక రకం. 1844లో పారిస్ దినపత్రికలో రోజుకొక ముక్కగా వెలువడిన నవల అది. పూర్తిగా వింటే ఇరవై గంటలు దాటుతుంది. అచ్చులో సాగదీసినట్టు తోచే సంభాషణలు గొంతులో పడేసరికి నలుగురు మిత్రుల కబుర్లుగా మారిపోతాయి. నా సలహా ఏమంటే ఇటువంటి నవలను రోజుకు ఒక అధ్యాయం చొప్పున, పత్రిక కోసం ఎదురుచూసిన నాటి పాఠకుడిలాగా వినాలి. కొందరు విద్యార్థులు ఒకటిన్నర రెట్ల వేగంతో వింటున్నారు. గుర్రాలు పరుగెత్తేది చాలదా, చదివేవాడిని కూడా తరమాలా?

ఇంతవరకు ఆనందమే. అసలు చిక్కు తెలుగులో ఎదురయింది.

గోల్కొండ కాలపు సాహస గాథ ఒకటి ధారావాహికంగా విన్నాను. దాని పేరు, చదివించినవారి పేరు ఇక్కడ అనవసరం. రచన మంచిదే. చదివినాయన కంఠం గంభీరమైనది, ఉచ్చారణ స్వచ్ఛమైనది. ఆరవ భాగంలో గోల్కొండనుంచి ఒక దూత వస్తాడు. లేఖ ఇచ్చి, మంచినీళ్ళు తాగి, వెళ్ళిపోతాడు. కథలో అతని పని అంతే. కాని అతడు నోరు విప్పేసరికి చదువరి కంఠం గరగరలాడింది. తెలుగు ముక్కలు ముక్కలయింది. 'నాకు' అన్నది 'నంకు' అయింది. ప్రతి వాక్యం చివర ఒక వికటమైన నవ్వు చేరింది. అచ్చుప్రతి తెప్పించి ఆ పుట తీసి చూశాను. దూత మాటలు అందరి మాటలలాగే చక్కని తెలుగులో ఉన్నాయి. నవ్వు లేదు. రచయిత చేయని దుర్మార్గుణ్ణి గొంతు తయారుచేసింది.

సినిమాలలో, రేడియో నాటికలలో ఈ 'నంకు' భాష విని పెరిగినవాడిని కనుక ఆశ్చర్యపడలేదు. కాని వేళాకోళానికి వాడే భాషకూ, గోల్కొండకూ ముడిపెట్టడం తెలుగు అధ్యాపకుడిగా నేను మింగలేని ముద్ద. 1550నుంచి 1580వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా యువకుడిగా ఏడేళ్ళపాటు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపినవాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకు అంకితమిచ్చాడు. అచ్చతెనుగులో తొలి కావ్యమైన పొన్నగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్ర'ను అంకితం పుచ్చుకున్నది ఆ రాజ్యపు ఉద్యోగి అమీన్‌ఖాన్. సంస్కృత పదం దొర్లని తెలుగు కావ్యానికి కృతిభర్త అయిన కొలువునుంచి వచ్చిన దూత నోట తెలుగు పలకదా? ఇక మా అమ్మీ సంగతి. ఇంట్లో ఆమె మాట్లాడేది ఉర్దూయే. గుమ్మం దాటి కూరలబండి దగ్గర నిలబడితే గుంటూరు జిల్లా తెలుగులో ఆమెతో బేరమాడి నెగ్గినవారిని నేనింతవరకు చూడలేదు.

ఆ భాగం వింటున్నప్పుడు ఆమె పక్కనే ఉంది. ఏమీ అనలేదు. "మిగతాది రేపు విందాం" అన్నది. ఆ రేపు రాలేదు.

సరిగ్గా ఆ వారంలోనే నేను జార్జి ఆర్వెల్ '1984' వినడం తటస్థించింది. 1949లో వెలువడిన ఈ నవలను ఎం.ఏ. చదివేరోజులలో పరీక్షల హడావుడి నడుమ చదివాను. విన్నప్పుడు పదకొండు గంటలు పట్టింది. చదివినప్పుడు నన్ను భయపెట్టింది గోడలమీద ఉన్న పెద్ద ముఖం. విన్నప్పుడు భయపెట్టింది గొంతులు. ఆ రాజ్యంలో ప్రతి గదిలోనూ ఒక తెర ఉంటుంది. దాని ధ్వనిని తగ్గించుకోవచ్చుగాని సామాన్యుడు పూర్తిగా ఆపివేయలేడు. రోజూ రెండు నిమిషాలపాటు అందరూ గుమిగూడి శత్రువును ద్వేషించాలి. తెరమీద ఆ శత్రువు గోల్డ్‌స్టీన్ మాట్లాడుతుంటాడు. అతని కంఠంలోనే ఏదో గొర్రెతనం ఉన్నదని రచయిత ముందే చెబుతాడు. చివరకు ఆ కంఠం నిజంగానే గొర్రె అరుపుగా మారిపోతుంది, ముఖం గొర్రె ముఖమవుతుంది. అతడు చెప్పేదేమిటో ఎవరికీ పట్టదు. నిజానికి అతడు కోరేవి వాక్‌స్వాతంత్ర్యం, పత్రికాస్వాతంత్ర్యం వంటివి. ఆ మాటలు చెవికి చేరకుండా గొంతు అడ్డుపడుతుంది. ద్వేషించడానికి మాట అక్కరలేదు, గొంతు చాలు. బస్సులో ఆ ఘట్టం వింటూ ఉంటే నాకు గోల్కొండ దూత గుర్తుకు వచ్చాడు.

నేను మొదట చెప్పిన సంగతి ఇదే. సాహస నవల చెవిలో పడినప్పుడు ఎవరు మనవాడో, ఎవరు పగవాడో మన ఆలోచనకంటే ముందుగా గొంతే తేల్చివేస్తుంది. ఆ తేల్చివేత ఎలా జరుగుతుందో డిస్టోపియా నవల విప్పి చూపిస్తుంది. ఒకటి మందు, మరొకటి ఆ మందు సీసామీద చీటీ. రెండూ దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఆర్వెల్‌కు ఈ విద్య గాలిలోంచి పట్టుబడినది కాదు. మన దేశంలోనే, బీహారులోని మోతీహారిలో 1903లో పుట్టిన ఆ రచయిత 1941నుంచి 1943వరకు బి.బి.సి.లో భారతదేశ శ్రోతలకోసం ప్రసంగాలు తయారుచేసే ఉద్యోగం చేశాడు. యుద్ధకాలంలో ప్రభుత్వం గొంతు ఎలా తయారవుతుందో లోపల కూర్చుని చూసినవాడు. విచిత్రమేమంటే ఆయన స్వంత గొంతు రికార్డు ఒక్కటికూడా నేడు మిగిలిలేదు. గొంతులను గురించి అంతగా హెచ్చరించినవాడు మనకు అక్షరంగా మాత్రమే దక్కాడు.

ఈ దృష్టితో తక్కిన డిస్టోపియాలు విన్నాను. ప్రతి దానిలోనూ చెవి కనిపించింది. ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రకటించిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో పసిపిల్లలు నిద్రపోతుంటే దిండు కిందినుంచి ఒక గొంతు నీతిపాఠాలు గొణుగుతూ ఉంటుంది. అందులో అధ్యాపకులకు పనికివచ్చే ఒక చిన్న ఉదంతం ఉంది. నైలునది ఆఫ్రికాలో అన్నిటికంటే పొడవైనదని ఒక కుర్రవాడికి నిద్రలో నేర్పుతారు. తెల్లవారి అతడు ఆ వాక్యం పొల్లుపోకుండా అప్పజెబుతాడు. ఆఫ్రికాలో పొడవైన నది ఏదిరా అంటే మాత్రం తెల్లముఖం వేస్తాడు! "సార్, వింటే చదివినట్టేనా?" అని నన్నడిగే విద్యార్థులకు నా సమాధానం ఈ కుర్రవాడే. నిద్రకు జోలపాటగా పెట్టుకున్న పుస్తకం విన్నట్టూ కాదు, చదివినట్టూ కాదు.

రే బ్రాడ్‌బరీ 1953లో రచించిన 'ఫారెన్‌హీట్ 451' విన్నప్పుడు నా చెవిలోని బిళ్ళలు తీసి ఒకసారి చూసుకున్నాను. పుస్తకాలను తగులబెట్టే ఆ రాజ్యంలో కథానాయకుడి భార్య గవ్వల వంటి చిన్న రేడియోలు చెవులలో పెట్టుకుని రాత్రంతా ఆ ధ్వనిలో మునిగి ఉంటుంది. భర్త పిలిచినా ఆమెకు వినబడదు. నేడు మన బస్సులలో, వరండాలలో కనబడే దృశ్యమే. కాని బ్రాడ్‌బరీ అక్కడితో ఆగలేదు. అదే నాయకుడికి ఒక వృద్ధ ఆచార్యుడు చిన్న శ్రవణయంత్రం ఇస్తాడు. దానిలోంచి రాత్రివేళ ధర్మగ్రంథం చదివి వినిపిస్తాడు. చివరకు అడవిలో, ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రంథాన్ని కంఠస్థం చేసి తామే పుస్తకాలయిన మనుషులు కనబడతారు. హాఫిజులను చూసి పెరిగిన మాకు ఆ ఘట్టం కల్పనగా తోచదు. పొరుగు వీధిలో జరుగుతున్నదే.

మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో రచించిన 'హ్యాండ్‌మెయిడ్స్ టేల్' వీటన్నిటిలోకీ వినదగినది. అందులోని ప్రభుత్వం స్త్రీలకు చదువు, రాత నిషేధిస్తుంది. అటువంటి స్త్రీ తన కథ ఎలా చెబుతుంది? నవల చివర తెలుస్తుంది: మనం ఇంతసేపు తెలుసుకున్నదంతా ముప్ఫైవరకు ఉన్న టేపులమీద ఆమె మాట్లాడి దాచిన కథ. తరువాతి కాలపు ఆచార్యులు వాటిని వెలికితీసి వరుస పేర్చారు. అచ్చులో చదివేవారికి ఇది ఒక కొసమెరుపు. వినేవారికి ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే మన చెవిలో ఉన్నదీ గొంతే కనుక. అక్షరం నిషిద్ధమైన చోట గొంతు ఒక్కటే దిక్కు. పాలకుడు ప్రవేశించే దారీ, బందీ బయటపడే దారీ ఒకటే, చెవి.

షరర్ దగ్గరకు మళ్ళీ రావాలి. ఆయన 1899లో రచించిన 'ఫిర్దౌస్-ఎ-బరీఁ' అమ్మీకి బాగా నచ్చిన నవల. అలమూత్ దుర్గంలో నకిలీ స్వర్గం నిర్మించి, యువకులకు మత్తుమందిచ్చి అందులో తిప్పి, ఆ స్వర్గం మళ్ళీ కావాలంటే చెప్పినవారిని చంపమనే ముఠా కథ అది. హుసేన్ అనే యువకుడు ప్రేయసి జమురుద్‌ను మళ్ళీ చూడాలన్న ఆశతో గురువు ఆజ్ఞకు కళ్ళుమూసుకుని తలవంచి, తనకు చదువు చెప్పిన ఇమామునే హత్య చేస్తాడు. పేరుకు చారిత్రక సాహస నవల. 1256లో మంగోలు హులాగూ సేనలు ఆ కోటను నేలమట్టం చేయడంతో ముగుస్తుంది. కాని హక్స్‌లీకి ముప్ఫై మూడేళ్ళ ముందే మత్తుమందు, కల్పిత సుఖం, ప్రశ్నించని విధేయత అనే మూడింటినీ ఒక కోటలో పెట్టి చూపిన నవల అది. ఉర్దూ విద్యార్థులు దీన్ని ప్రేమకథగానే చదివి ఊరుకుంటున్నారు. ఒకసారి హక్స్‌లీ పక్కన పెట్టి వినమని కోరుతున్నాను. గురువు మాటలు చదివేటప్పుడు మా మూడవ గొంతు ఆయన కర్కశంగా మారలేదు. ఎంతో మృదువుగా, తండ్రి బుజ్జగించినట్టు చదివారు. అమ్మీ, "వీడి గొంతు తేనె. అందుకే ఆ పిల్లవాడు చెడిపోయాడు" అన్నది.

ఇప్పుడు యంత్రమే మనిషి కంఠాన్ని అనుకరించి చదివే పుస్తకాలు కూడా వచ్చాయి. అవి ఎవరినీ వెక్కిరించవు, నిజమే. ఎవరిమీదా జాలిపడవు కూడా. ఆర్వెల్ నవలలో యంత్రం కట్టిన పనికిమాలిన పాట ఒకటి, బట్టలారేసే ఒక స్త్రీ నోట పడి దాదాపు ఇంపుగా మారుతుంది. మనం దానికి ఎదురుదారిలో పోతున్నాము.

గొంతు చేసే మాయకు విరుగుడు ఏమిటి? నాకు తోచినంతవరకు అది మన పల్లెలోనే ఉన్నది. షేక్ నాజర్ గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో జన్మించారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను ఊరూరా వినిపించి బుర్రకథకు మారుపేరయ్యారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పేరు విన్న తెలుగువాడెవడూ ఒక ముస్లిము నోట పల్నాటి పౌరుషం పలికిందే అని వింతపడలేదు. అయితే నేను చెప్పదలచినది ఆ కళలోని అమరికను గురించి. కథకుడు ఒంటరిగా నిలబడడు. అతనికి అటు ఒకరు, ఇటు ఒకరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు ఉద్వేగంలో ఆకాశానికి ఎగిరితే హాస్యగాడు కాలుపట్టి కిందకు లాగుతాడు. "అదెట్లా?" అని అడుగుతాడు. రెండవవాడు ఆనాటి కథకూ ఈనాటి ఊరికీ లంకె వేస్తాడు. గొంతును అడ్డగించే గొంతులు వేదికమీదే ఉంటాయి. చెవిలో బిళ్ళ పెట్టుకుని వినేవాడికి అటువంటి వంతలు లేరు.

అందుచేత ఈ విద్యాసంవత్సరం నా తరగతిలో శనివారాలు ఒక ఏర్పాటు చేసుకున్నాము. తెన్నేటి సూరి గారి 'చెంఘిజ్‌ఖాన్' నవలను ఒకరు బిగ్గరగా చదువుతారు. ఇద్దరు అటూ ఇటూ నిలబడతారు. వారికి ఎక్కడైనా ఆపి అడిగే హక్కు ఉంది. అదంతా ఫోనులో రికార్డు చేస్తున్నాము. చూపు తక్కువైన విద్యార్థులకూ, అక్షరం కూడబలుక్కునే ఉర్దూ మాధ్యమం పిల్లలకూ ఇవి అక్కరకు వస్తాయి. గ్రంథాలయంలో ఈ రికార్డులు దాచి వినడానికి ఒక చిన్న గది, నాలుగు కుర్చీలు కళాశాల సంఘం వారు అనుగ్రహించగలరని ఆశిస్తున్నాను.

మొదటి శనివారమే ఒక సందేహం వచ్చింది. పేరు చివర 'ఖాన్' ఉన్నది కనుక చెంఘిజ్ ముస్లిమేనని తరగతిలో సగంమంది నమ్మకం. వారిలో ముస్లిం విద్యార్థులూ ఉన్నారు. ఖాన్ అన్నది గడ్డిమైదానాల ప్రభువులు ధరించిన బిరుదనీ, ఆయన కొలిచింది నీలాకాశాన్ననీ, 1220లో బుఖారా, సమర్‌కందు నగరాలను కూల్చినది ఆయన సేనలేననీ, 1258లో బాగ్దాదు ఖలీఫాను అంతం చేసిన హులాగూ ఆయన మనుమడేననీ చెప్పవలసి వచ్చింది.

మూడవ శనివారం చదివిన కుర్రవాడు మంచి కంఠం కలవాడు, నాటకాలలో వేషం వేసినవాడు. ఒక మంగోలు సైనికుడి మాట వచ్చేసరికి అతని గొంతు గరగరలాడింది. 'నాకు' అన్నది 'నంకు' అయింది. తరగతి నవ్వింది. హాస్యం వంతున నిలబడిన ఉర్దూ మాధ్యమం విద్యార్థిని చేయెత్తి ఆపింది. "కథకుడా, ఈ కథలో అందరూ మాట్లాడేది మంగోలు భాషే కదా?" అని అడిగింది. అవునన్నాడు. "మరి ఖాను తెలుగు చక్కగా ఉంది, ఖాను తల్లి తెలుగు చక్కగా ఉంది. ఈ సిపాయి ఒక్కడికే తెలుగు ఎందుకు రాలేదు?"

ఈసారి తరగతి మరింత గట్టిగా నవ్వింది. చదువుతున్న కుర్రవాడు కూడా నవ్వాడు. పుస్తకం పుట వెనక్కు తిప్పి, ఆ పేరా మొదటినుంచి ఎత్తుకుని, సైనికుడి మాటను మామూలు గొంతుతో చదువుకుంటూ ముందుకు సాగాడు.